ఈసారి పువ్వున్న పట్టుకుచ్చు మొక్క అమ్మను

పోయిన ఏడాది వినాయక చవితి తర్వాత మా నర్సరీలో బతుకమ్మలో పేర్చే పట్టుకుచ్చు (కోడిజుట్టు పువ్వు) మొక్కలు కొన్నవాళ్ళకు ముందుగా ఒక మాట చెప్పాలి. ఆ మొక్కలు ఎదగకపోవడంలో మీ మట్టి తప్పు లేదు, మీరు నీళ్ళు పోసిన తీరులో తప్పు లేదు. తప్పు నాది. మీ చేతికిచ్చే నాటికే అవి దెబ్బతిని ఉన్నాయి. ఆ సంగతి నాకు కొంత తెలుసు కూడా. తెలిసీ అమ్మాను. అందుకే ఈ ఏడాది నారు పోయకముందే ఇది రాస్తున్నాను.

సెప్టెంబర్ మధ్యలో ఒక పెద్దమ్మ వచ్చింది. మా దగ్గర పన్నెండు మొక్కలు కొని పెరట్లో వరుసగా పెట్టుకుంది. వాటిలో ఒకదాన్ని మట్టితో సహా తవ్వి, పాత పేపర్లో చుట్టి తెచ్చింది. "పువ్వు ఉన్నదని కొంటి బిడ్డా. నువ్వు ఇచ్చిననాడు ఎంతున్నదో ఇయ్యాళ గూడ గంతే ఉన్నది" అంది. నిజమే. మొక్క జానెడే ఉంది. పైన కుచ్చు బొటనవేలంత. రంగు మాత్రం ఎర్రగా నిగనిగలాడుతోంది.

నల్లా కింద పెట్టి వేర్లు కడిగాను. ఆమె పెరటి ఎర్రమట్టి మొత్తం జారిపోయింది. లోపల మేం మొక్క పెట్టి అమ్మిన ప్లాస్టిక్ కవరు ఆకారం చెక్కుచెదరకుండా మిగిలింది. అడుగున వేర్లు చాప అల్లినట్టు గుండ్రంగా తిరిగి ఉన్నాయి. ఆ ముద్దను వేళ్ళతో విప్పుతూ పోతే మధ్యలో ఇంకో చిన్న ముద్ద తగిలింది. అది ప్రోట్రే, అంటే నారు పోసే గడుల ట్రే, దాని గడి ఆకారం. కోకోపీట్ (కొబ్బరి పీచు పొట్టు) చుట్టూ వేర్లు దారపుండలా బిగుసుకుపోయి ఉన్నాయి. ఇరవై రోజులు మంచి నేలలో ఉన్నా ఆ కవరు ఆకారం దాటి ఒక్క వేరు కూడా బయటికి పోలేదు. పెద్దమ్మ ఏమీ అనలేదు. డబ్బులు తిరిగిస్తే తీసుకుంది. నాకు ఆ రాత్రి నిద్ర పట్టలేదు.

జరిగింది ఇది. పోయిన జులై మొదట్లో 98 గడుల ట్రేలలో నారు పోశాం. ఇరవై, ఇరవై అయిదు రోజులకు వాటిని కవర్లలోకి మార్చాలి. అప్పుడే వానలు పట్టుకున్నాయి, కవర్లలో నింపాల్సిన మట్టి తడిసి ముద్దయింది. పనికొచ్చే ఆడవాళ్ళంతా వరి నాట్లకు పోయారు. ఇవాళ, రేపు అనుకుంటూ దాదాపు యాభై రోజులు ట్రేలలోనే ఉంచేశాం. కవర్లలోకి మార్చేసరికే చిన్న చిన్న కుచ్చులు వచ్చేశాయి. ఆ కుచ్చులు చూసే జనం వాటిని ఎంచుకున్నారు. పువ్వు లేని పచ్చి మొక్కలు బల్ల మీదే మిగిలాయి, పువ్వున్నవి రెండు రోజుల్లో అయిపోయాయి. నిజానికి మిగిలిపోయినవే మంచి మొక్కలు.

ఎందుకో చెబుతాను, ఎందుకంటే ఈ మొక్క తీరు వేరు. పట్టుకుచ్చు ఏడాది లోపే బతుకు ముగిసే మొక్క. వేరు పారే చోటు లేకపోతే, నీరు అందకపోతే, ఇక తన కాలం అయిపోతోందన్నట్టు తొందరపడి మొగ్గ వేస్తుంది. విత్తనం పడాలి కదా. బంతి అయితే ఒక పువ్వు పోయినా కొమ్మలు వేసి కోలుకుంటుంది. పట్టుకుచ్చులో కాండం కొన ఉందే, అదే కుచ్చుగా మారుతుంది. మామూలుగా మొక్క కొన ఒక బిందువులా ఉండి పైకి పెరుగుతుంది. ఇందులో ఆ బిందువు పక్కలకు సాగి గీతలా వెడల్పవుతుంది, చోటు చాలక మడతలు పడుతుంది. మనం ముట్టుకుని మురిసిపోయే మఖ్మల్ మడతలు అవే. కొన కుచ్చుగా మారిపోయాక ఆ కాండం పైకి పోదు. కింద ఎంత ఆకు, ఎంత వేరు ఉంటే కుచ్చు అంతే. జానెడు మొక్కకు బొటనవేలంత కుచ్చు వచ్చిందంటే, తర్వాత ఎన్ని ఎరువులు వేసినా అది అరచేయంత కాదు. పక్క కొమ్మలకు చిన్న చిన్నవి వస్తే వస్తాయి.

ఇంకోటి, దీనికి పగటి పొడవు తెలుస్తుంది. పగళ్ళు తగ్గేకొద్దీ తొందరగా మొగ్గకు వస్తుంది. అందుకే ఆగస్టు చివర్లో విత్తితే మొక్క ఎత్తు పెరగకుండానే పూస్తుంది. ముందుగా విత్తడమే దీనికి మందు.

ఈ ఏడాది మనకు కాలం కలిసొచ్చింది. అధిక జ్యేష్ఠం రావడంతో ఆ తర్వాతి పండుగలన్నీ ఆలస్యమయ్యాయి. 2025లో ఎంగిలిపూల బతుకమ్మ సెప్టెంబర్ 21న అయితే, ఈసారి అక్టోబర్ 10న. విత్తిన దగ్గర నుంచి నిండు కుచ్చుకు ఇంచుమించు మూడు నెలలు పడుతుంది. కాబట్టి జులై మొదటి వారంలో నారు పోస్తున్నాం. జులై చివరి వారం నుంచి ఆగస్టు 10 దాకా మొక్కలు ఇస్తాం. ఆ తర్వాత ఇవ్వం.

ఇచ్చేవి కవరు మొక్కలు కావు. ట్రేలోంచి తీసిన బెత్తెడు నారు. నాలుగు నుంచి ఆరు ఆకులు ఉంటాయి, పువ్వు ఉండదు, మొగ్గ కూడా ఉండదు. చూడటానికి తోటకూర మొక్కలా ఉంటుంది. ఉండాలి కూడా, ఇది తోటకూర కుటుంబానిదే. మొక్క ఆరు రూపాయలు. పోయినసారి కవరు మొక్క ఇరవై అయిదుకు అమ్మాం, మాకు మిగిలేది దాని మీదే ఎక్కువ. ఆ ఆదాయం ఈసారి తగ్గుతుంది. ఇంట్లో దీని మీద మాట్లాడుకున్నాం. బంతి, చామంతి మీద చూసుకుందాం, ఈ మొక్క మాత్రం సరిగ్గా ఇద్దాం అనుకున్నాం.

పోయిన ఏడాది మా దగ్గర పట్టుకుచ్చు కొన్నవాళ్ళకు ఎన్ని కొన్నారో అన్ని మొక్కలు ఉచితం. పన్నెండు కొన్నవాళ్ళకు పన్నెండు, ముప్పై కొన్నవాళ్ళకు ముప్పై. బిల్లు అక్కర్లేదు, మీ మాట చాలు. జులై చివరి శని, ఆదివారాలు మీకోసమే పక్కన పెడతాం.

ఇక మొక్క తీసుకెళ్ళాక మీ వైపు పని. ఎండ కనీసం ఆరు గంటలు పడాలి. మామిడి చెట్టు కింద, గోడ నీడలో పెడితే కాండం సన్నగా సాగి వంగిపోతుంది. చెల్క నేల (ఎర్ర ఇసుక నేల) అయితే మాగిన పశువుల ఎరువు కలిపి నేరుగా నాటుకోవచ్చు. నల్లరేగడి ఉన్నవాళ్ళు మాత్రం బోదె ఎత్తుగా చేసి దాని మీద నాటండి. మొక్కకూ మొక్కకూ జానెడు పైన ఎడం ఉండాలి. మిద్దె మీద అయితే పన్నెండంగుళాల కుండీకి ఒక్క మొక్క. రెండు పెడితే రెండూ చిన్నబోతాయి. సాయంత్రం పూట నాటండి. ట్రేలోంచి తీసేటప్పుడు కాండం పట్టి లాగకుండా కింద నుంచి నొక్కితే ముద్ద ఊడి వస్తుంది. ముద్ద చిట్లకూడదు. వేరు కదిలితే ఈ మొక్క తట్టుకోదు.

నీళ్ళ దగ్గరే చాలామంది మొక్కలు పోగొట్టుకుంటారు. వానాకాలంలో నీరు నిలిస్తే వేరు కుళ్ళి ఆకు వాడుతుంది. వాడిన ఆకు చూసి ఎండిందేమో అని ఇంకో చెంబు పోస్తాం. పోసే ముందు వేలు మట్టిలో గుచ్చి చూడండి. రెండో గణుపు దాకా తడి తగిలితే పోయకండి. నారు దశలో కూడా ఇదే గండం. పోయిన ఏడాది ఒక ట్రేలో నారు మొత్తం మొదళ్ళు నల్లబడి పడిపోయింది, నారుకుళ్ళు. ఈసారి ట్రేలు బల్ల మీదకు ఎత్తాం, పైన పాలిథిన్ కప్పు వేశాం, కోకోపీట్‌లో ట్రైకోడెర్మా (కుళ్ళును అడ్డుకునే మేలు చేసే శిలీంధ్రం) కలిపాం. రోజుకు ఒక్కసారే, పొద్దున నీళ్ళు.

కుచ్చు విచ్చాక పైనుంచి నీళ్ళు పోయొద్దు. మడతల్లో నీరు ఆగితే లోపల నల్లబడి కుళ్ళుతుంది. వాన పడి వెలిసాక కాండం పట్టుకుని మెల్లగా దులపండి. మా అమ్మ రోజూ పొద్దున మడిలో తిరిగి ఒక్కొక్క కుచ్చునూ అలా దులిపి వస్తుంది. ఆమె దులిపిన వరుసల్లో మచ్చ ఉండదు.

బంతికి తల తుంచినట్టు దీనికి తుంచకండి, దయచేసి. తుంచితే పెద్ద కుచ్చు వచ్చే కొనే పోతుంది. ఈకల్లా పైకి లేచే రకం ఉంటుంది, దానికైతే తుంచొచ్చు. నాటిన మూడు వారాలకు గుప్పెడు వర్మీకంపోస్ట్ వేస్తే చాలు. యూరియా వద్దు. వారం వారం పల్లీ చెక్క నీళ్ళు పోసే అలవాటున్న మిద్దెతోట అక్కలు దీనికి తగ్గించండి. నత్రజని ఎక్కువైతే ఆకు ఏపుగా పెరుగుతుంది, కాండం మెత్తబడి కుచ్చు బరువుకు ఒరిగిపోతుంది. ఎత్తు రకాలకు ఎలాగూ ఒక కర్ర ఊతం కావాలి.

పురుగులు పెద్దగా రావు. లేత కొనలకు పేనుబంక పడితే నీళ్ళ ధారతో కొట్టి, వేపనూనె చల్లండి. తోటకూర ఆకును ముడిచి గూడు అల్లుకుని తినే పచ్చపురుగు దీనికీ వస్తుంది. ముడిచిన ఆకును అలాగే తుంచి పారేస్తే సరిపోతుంది.

విత్తనం దాచుకోవాలనుకునేవాళ్ళు కుచ్చు పైభాగంలో వెతకొద్దు. అసలు పూలు కుచ్చు కింది పక్కల్లో, కాండానికి దగ్గరగా ఉంటాయి. నల్లగా మెరిసే గింజలు అక్కడే దొరుకుతాయి. కింద పళ్ళెం పెట్టి వేళ్ళతో నలిపితే రాలతాయి. ఒక గ్రాముకు వెయ్యికి పైగా గింజలు ఉంటాయి కాబట్టి ఒక్క కుచ్చు వీధికంతా సరిపోతుంది. అయితే పక్కన ఈకల రకం ఉంటే కలిసిపోతుంది. మా సొంత విత్తనంలో అదే జరిగింది, సగం కుచ్చు సగం ఈకగా కొన్ని వచ్చాయి. అందుకే ఈ ఏడాది కుచ్చు రకం విత్తనం బయట కొన్నాం. ఈకల రకాన్ని వేయడం లేదు.

చాలామంది గునుగు నారు కూడా అడుగుతున్నారు. గునుగు, పట్టుకుచ్చు ఒకే జాతి. ఒకటి చేనులో తనంతట తాను మొలిచేది, ఇంకోటి పెరట్లో పెంచుకునేది. మా చిన్నప్పుడు గునుగు జొన్నచేను గట్టు మీద తెల్లగా పరుచుకుని ఉండేది, లేత ఆకు కూర వండేవాళ్ళు. ఇప్పుడు కలుపు మందు కొట్టిన చేన్లలో కనబడడం లేదు. గునుగు అమ్మడానికి నాకు మనసొప్పదు. మా కంచె వెంట మొలిచిన దాన్ని ఈసారి పీకకుండా వదిలేశాం. గింజ కావాలంటే దసరా తర్వాత వచ్చి ఉచితంగా దూసి తీసుకుపోండి.

సిద్దిపేట వైపు నుంచి వచ్చేవాళ్ళు ముందుగా ఫోన్ చేసి ఎన్ని కావాలో చెబితే ట్రేలు పక్కన పెడతాను. మా ఆడబిడ్డను గుంటూరు ఇచ్చాం, అక్కడ దీన్ని కోడిజుట్టు పువ్వు అంటారు. మీరు ఏ పేరుతో అడిగినా ఇస్తాం. మొత్తం ఇరవై ట్రేలు పోస్తున్నాం. ఆగస్టు 10కి మిగిలినవాటిని కవర్లలో పెట్టి అమ్మను. వెనక మడిలో మేమే నాటేస్తాం. ఆ తేదీ దాటి వచ్చినవాళ్ళకు మొక్క దొరకదు గానీ, బతుకమ్మ పేర్చే రోజు పొద్దున్నే వస్తే ఆ మడిలోంచి కుచ్చులు కోసిస్తాను.