బుడమేరు గట్టున నడకబాట వేయండి

సంపాదకులకు నమస్కారం.

మాది విజయవాడ అజిత్‌సింగ్ నగర్. 2024 సెప్టెంబరులో బుడమేరు వాగు పొంగినప్పుడు మా కింది వాటా మునిగిపోయింది. ఫ్రిజ్జు, పరుపులు, మా అత్తగారి నాటి టేకు బీరువా అన్నీ పోయాయి. బుడమేరు ఆక్రమణల గురించి, వెడల్పు చేయడం గురించి మాటలు వినపడినప్పుడల్లా నాకు మా అమ్మాయి వాళ్ల ఊళ్లో చూసిన వాగు గుర్తొస్తుంది. దాని గురించి నలుగురికీ తెలియాలని ఈ ఉత్తరం.

అమ్మాయి వాళ్లుండేది అమెరికాలో, నార్త్ కరోలినాలోని కేరీ. అక్కడ బ్లాక్ క్రీక్ అనే చిన్న వాగు వెంబడి మైళ్ల కొద్దీ తారు బాట ఉంది. కార్లూ మోటారు సైకిళ్లూ రాకూడదు. నడిచేవాళ్లు కుడి పక్కన నడుస్తారు, సైకిళ్లవాళ్లు గంట కొట్టి ఎడమగా దాటిపోతారు. పెద్ద రోడ్డు అడ్డొచ్చిన చోట బాట దాని కిందనుంచే, వాగు పక్కగా అవతలికి పోతుంది. సాయంత్రమైతే చీర మీద బూట్లు తొడుక్కుని మన అమ్మమ్మలూ నాయనమ్మలూ బోలెడుమంది కనిపిస్తారు. ఖమ్మం ఆవిడతో, తెనాలి ఆవిడతో నాకు అక్కడే స్నేహం కలిసింది.

ఒక రాత్రి కుంభవృష్టి కురిసింది. పొద్దున్నే వెళ్లి చూస్తే పల్లంలో బాట మీద నీళ్లు పారుతున్నాయి. నాకు గుండె దడ పట్టుకుంది. ఇళ్లకేసి చూశాను. అన్నీ ఎగువన, చెట్ల వెనక ఉన్నాయి, ఒక్క గడప తడవలేదు. నీరు తీశాక బురద ఎత్తిపోశారు, మళ్లీ అందరం నడిచాం.

మా అల్లుడు అసలు సంగతి చెప్పాడు. పక్కనున్న రాలీ నగరంలో 1970ల మొదట్లో విలియం ఫ్లోర్నాయ్ అనే విశ్వవిద్యాలయ విద్యార్థి, వాగుల పక్కనున్న ముంపు భూముల్లో ఇళ్లు కట్టనివ్వకుండా పచ్చని బాటలుగా ఉంచమని ప్రతిపాదించాడట. 1974లో నగర పాలకులు ఒప్పుకున్నారు. ఇప్పుడక్కడ అలాంటి బాటలు వంద మైళ్లు దాటాయి. బ్లాక్ క్రీక్ నీళ్లు చేరే లేక్ క్రాబ్‌ట్రీ అనే చెరువుని కూడా వరదను ఆపడానికే ఆనకట్ట వేసి కట్టారు, సుమారు 520 ఎకరాలు.

నేను అడిగేది పార్కూ కాదు, ఫౌంటెన్లూ కాదు. బుడమేరు హద్దు రాళ్లు పాతిన వెంటనే రెండు గట్ల మీదా నడకబాట వేయండి. పొద్దునా సాయంత్రం జనం తిరిగే గట్టు మీద రాత్రికి రాత్రి లారీ మట్టి పోసి చదును చేయడం ఎవరికీ అంత తేలిక కాదు. పోస్తే మర్నాటికి వందమంది చూస్తారు. ఎవరూ అడుగుపెట్టని గట్టు కాబట్టే ఇన్నేళ్లూ అడిగేవాళ్లు లేకపోయారు.

ఇంకో మాట. గట్టు మీద గుడిసెలు వేసుకున్నవాళ్లు కూలి జనం, మా ఇంట్లో పనిచేసే అమ్మాయి కుటుంబం కూడా అక్కడే ఉంది. వాళ్లకి పని దొరికే దూరంలో పక్కా ఇళ్లు ఇచ్చి తాళాలు చేతికిచ్చాకే గుడిసెలు తీయాలి. బాట పేరు చెప్పి వాళ్లని వీధిన పడేస్తే నేను ఒప్పుకోను. వెంచర్ల కోసం వాగు పూడ్చినవాళ్ల సంగతి వేరు, అక్కడినుంచే పని మొదలుపెట్టండి.

— ఒక గృహిణి, అజిత్‌సింగ్ నగర్, విజయవాడ