పసిపిల్లల ఒరుపులకు స్టెరాయిడ్ ట్యూబులా? ఆరోగ్య శాఖ మంత్రి గారికి బహిరంగ లేఖ

తెలంగాణ రాష్ట్ర వైద్య, ఆరోగ్య, కుటుంబ సంక్షేమ శాఖ మంత్రి గారికి నమస్కారాలు.

నేను ఉమ్మడి నల్లగొండ జిల్లాలో ఏఎన్ఎంగా పనిచేసి రిటైరయ్యాను. సబ్ సెంటర్ తాళాలు అప్పజెప్పినా, ఊళ్ళో తల్లులు పిల్లల్ని చంకనేసుకుని ఇంకా మా ఇంటికే వస్తారు. వాళ్ళలో చాలామందిది ఒకటే బాధ. లంగోటీ కట్టిన చోట ఒరుసుకుపోయి, తోలు కందిపోయి, ఉచ్చ పోసినప్పుడల్లా బిడ్డ గుక్కపట్టి ఏడుస్తుంది. "డైపర్లు గూడ వాడం మేడం, మెత్తటి పాత బట్టనే కడుతున్నం, అయినా ఎందుకొచ్చిందో ఏమో" అంటారు. అలా అంటూనే కొంగు ముడి విప్పి ఒక ట్యూబు చూపిస్తారు. సగం అయిపోయి ఉంటుంది. ఈ ఉత్తరం ఆ ట్యూబు గురించే.

ఆ ట్యూబు డాక్టరు రాసింది కాదు. మెడికల్ షాపులో "పిల్లకు రాషెస్ వచ్చినయ్" అనగానే తీసి ఇచ్చింది, లేదా ఆర్ఎంపీ చెప్పింది. అందులో మూడు మందులు కలిసి ఉంటాయి: ఒకటి ఫంగస్‌కి, ఒకటి యాంటీబయాటిక్, మూడోది స్టెరాయిడ్. ఆ స్టెరాయిడ్ కూడా చిన్నది కాదు. క్లోబెటాసాల్, బీటామెథసోన్ లాంటివి. పెద్దవాళ్ళ మొండి చర్మ జబ్బులకు డాక్టర్లు ఆచితూచి రాసే మందును ఆరు నెలల పిల్ల గజ్జల్లో పూటకోసారి రాస్తున్నారు.

తంటా ఏమిటంటే, అది పనిచేసినట్టే కనిపిస్తుంది. రెండు రోజుల్లో ఎరుపు పోతుంది. తల్లి ఊపిరి పీల్చుకుంటుంది, షాపు వాడికి మంచి పేరొస్తుంది. ఆపిన నాలుగు రోజులకు మళ్ళీ వస్తుంది, ఈసారి ఇంకా ఎక్కువగా. ఎందుకంటే స్టెరాయిడ్ మంటను అణిచిందే కానీ తడిని తీసెయ్యలేదు, రాపిడిని ఆపలేదు. ఫంగస్ ఉంటే అది చాటున పెరుగుతూనే ఉంటుంది. మళ్ళీ ట్యూబు, మళ్ళీ ఎరుపు. ఈ లోపు ఆ చోట తోలు పల్చబడిపోతుంది. పైగా తడి బట్ట బిగించి కట్టిన చోట మందు మామూలు కంటే ఎక్కువగా ఒంట్లోకి ఇంకుతుంది. పసిపిల్లల్లో బరువుతో పోలిస్తే చర్మం విస్తీర్ణం ఎక్కువ కాబట్టి ఆ ప్రమాదం ఇంకా పెద్దది. నెలల తరబడి అలా రాస్తే ఒంట్లో స్టెరాయిడ్ పెరిగి ముఖం గుండ్రంగా ఉబ్బుతుంది, ఎదుగుదల మందగిస్తుంది. అలాంటి పిల్లాణ్ణి ఒకణ్ణి చూశాను. బుగ్గలు ఉబ్బి ఉన్నాయి. నాయనమ్మ "మా పిలగాడు బొద్దుగ అయిండు, దిష్టి తగుల్తది" అని చుక్క పెట్టుకుని తిప్పుతోంది. ట్యూబు సంగతి చెప్పి పిల్లల డాక్టరు దగ్గరికి పంపించాను. అంతకాలం రాసిన మందును ఉన్నపళంగా ఆపడం కూడా ప్రమాదమే కాబట్టి, ఎలా తగ్గించాలో చెప్పాల్సింది ఆయనే.

చట్టం లేదా అంటే ఉంది. 2018లోనే కేంద్ర ఆరోగ్య శాఖ ఇలాంటి స్టెరాయిడ్ పూతమందుల్ని షెడ్యూల్ హెచ్‌లో చేర్చింది. అంటే చీటీ లేకుండా అమ్మకూడదు. ట్యూబు మీద ఆర్ఎక్స్ గుర్తు ఉంటుంది, చిన్న అక్షరాల్లో హెచ్చరిక ఉంటుంది. అమ్మేవాడు చదవడు, కొనే తల్లికి ఇంగ్లీషు రాదు. డ్రగ్ ఇన్‌స్పెక్టర్లు మీ శాఖ వాళ్ళే. దగ్గు మందుల మీద, నకిలీ మాత్రల మీద దాడులు చేస్తున్నట్టు పేపర్లో చదువుతుంటాను, సంతోషం. ఆ చేత్తోనే ఒక వారం మండల కేంద్రాల్లో ఈ ట్యూబుల చీటీలు అడిగి చూడమనండి. ఎన్ని షాపులు చూపించగలవో మీకే తెలుస్తుంది.

అయితే షాపు వాణ్ణి కట్టడి చేసినంత మాత్రాన సరిపోదు. తల్లి ఆ షాపుకు ఎందుకు వెళ్తోంది? ఈ ఒరుపులకు ఏం చెయ్యాలో ఆమెకు ఎవ్వరూ చెప్పలేదు కాబట్టి. పాలివ్వడం చెప్పాం, టీకాలు చెప్పాం, ఓఆర్ఎస్ కలపడం చెప్పాం. ఇది మాత్రం చిన్న విషయమని వదిలేశాం. నిజానికి చెప్పాల్సింది కూడా పెద్దగా ఏమీ లేదు.

లంగోటీ తడిసిన వెంటనే మార్చాలి. డైపర్ తడిని లోపలికి లాగేసుకుంటుంది. బట్ట అలా కాదు, తడిని ఒంటికే అంటిపెట్టి ఉంచుతుంది. కాబట్టి బట్ట వాడేవాళ్ళు ఎక్కువసార్లు మార్చక తప్పదు. దొడ్డికి వెళ్తే ఒక్క నిమిషం కూడా ఆగకూడదు. మలంలో ఉండే ఎంజైములు ఉచ్చతో కలిసినప్పుడు తోలును తినేస్తాయి. విరేచనాలప్పుడు, యాంటీబయాటిక్ వాడినప్పుడు ఒరుపులు ఎక్కువయ్యేది అందుకే. గోరువెచ్చని నీళ్ళతో కడగాలి, సబ్బు రుద్దకూడదు. తుడిచేటప్పుడు రుద్దకుండా అద్దాలి. ఆ తర్వాత కాసేపు ఏ గుడ్డా కట్టకుండా చాప మీద వదిలెయ్యాలి. అన్నిటికంటే మంచి మందు ఆ గాలే, దానికి పైసా ఖర్చు లేదు. పూర్తిగా ఆరాక జింక్ ఆక్సైడ్ ముద్ద, అది దొరక్కపోతే వాసన లేని పెట్రోలియం జెల్లీ, గోడకు సున్నం పట్టించినట్టు మందంగా పట్టించాలి. చాలామంది తల్లులు ఫేస్ క్రీములా పల్చగా రాసి ఊరుకుంటారు, దాంతో లాభం లేదు. మళ్ళీ మార్చేటప్పుడు ఆ పూతంతా గీకి తీయక్కర్లేదు. పైపైన మురికి తుడిచి, దాని మీదే ఇంకో పూత పెట్టాలి. జింక్ బట్టకు అంటితే వదలదు, కాబట్టి లంగోటీ లోపల అరిగిపోయిన పంచె ముక్క ఒకటి పరిస్తే సరి.

ఇలా చేస్తే మామూలు ఒరుపులు రెండు మూడు రోజుల్లో దారికొస్తాయి. రాకపోతే తొడ మడత విప్పి చూడాలి. మామూలు ఒరుపు ఉబ్బెత్తు భాగాల మీద ఉంటుంది, మడత లోపల తోలు బాగానే ఉంటుంది. మడతల్లోనే ముదురు ఎరుపు ఉండి, చుట్టూ చిన్న చిన్న పొక్కులు విడివిడిగా కనిపిస్తే అది ఫంగస్. అప్పుడు క్లోట్రిమజోల్ ఒక్కటే ఉన్న క్రీము కావాలి, మూడు మందుల ముద్ద కాదు. చీము, నీటి పొక్కులు, జ్వరం ఉన్నా, ఒరుపులతో పాటు నోటి చుట్టూ, చేతుల మీద కూడా మచ్చలు వచ్చినా ఆసుపత్రికి వెళ్ళాల్సిందే. ఆశా కార్యకర్తకు ఈ తేడా అరగంటలో నేర్పొచ్చు. నేను నేర్పాను కాబట్టి చెబుతున్నాను.

బట్టలుతికే సంగతి కూడా చెప్పాలి, మా జిల్లాలో సగం జబ్బు అక్కడే ఉంది. భగీరథ నల్లా వచ్చిందయ్యా, కాదనను. కానీ ఆ నీళ్ళు తాగడానికి, వంటకు. బట్టలు ఇప్పటికీ బోరు నీళ్ళలోనే. ఆ నీళ్ళలో సబ్బు నురగ రాదు. నురగ రాలేదని తల్లి ఇంకో గుప్పెడు పౌడరు వేస్తుంది. ఒక్క నీళ్ళలో జాడించి పిండేస్తుంది. పౌడరంతా నూలులోనే ఉండిపోతుంది. ఆరిన లంగోటీ అట్టలా బిరుసెక్కుతుంది, దాని మీద ఉచ్చ పడగానే ఆ మిగిలిన సబ్బే పిల్లను మండిస్తుంది. కొందరు క్రిములు చావాలని చివరి నీళ్ళలో యాంటీసెప్టిక్ లోషన్ కలుపుతారు, ఇంకొందరు వాసన కోసం కండిషనర్. రెండూ వద్దు. ముందు చల్లనీళ్ళతో మలం, ఉచ్చ వదిలించి, తర్వాత వేడి నీళ్ళలో కొద్ది పౌడరుతో ఉతికి, నురగ పూర్తిగా పోయేవరకు జాడించి, ఎండలో వెయ్యాలి. ఆ చివరి జాడింపుకు వీలైతే నల్లా నీళ్ళు. లంగోటీని ముక్కు దగ్గర పెట్టుకుంటే ఘాటుగా అమ్మోనియా వాసన కొడితే అది ఇంకా శుభ్రం కానట్టే, ఎంత తెల్లగా ఉన్నా సరే.

వానాకాలం వేరే కథ. మూడు రోజులు ముసురు పట్టిందంటే ఇంట్లో దండెం నిండా సగం ఆరిన గుడ్డలే. తడి తడిగానే కట్టేస్తారు, లేదంటే ఉచ్చ బయటికి రాకుండా పైన ప్లాస్టిక్ చెడ్డీ తొడుగుతారు. ఆ రెండింటిలో చెడ్డీయే ఎక్కువ చెరుపు. లోపల ఆవిరి పట్టి ఒక్క రాత్రిలో తోలు ఊడుతుంది. ఇక పత్తి ఏరే రోజుల్లో తల్లి పొద్దున పోతే పొద్దుగూకి వస్తుంది. పిల్ల ముసలమ్మ దగ్గర ఉంటుంది, ఆమెకు వంగి లంగోటీ మార్చే ఓపిక ఉండదు. అలాంటి ఇంట్లో వాళ్ళు పగటిపూట డైపర్ వాడతామంటే నేను వద్దనను. బట్ట మంచిదా, డైపర్ మంచిదా అని టీవీల్లో చర్చ పెట్టేవాళ్ళు ఆ ముసలమ్మ నడుం నొప్పి చూడలేదు.

మీ శాఖ చెయ్యగలిగింది చాలా ఉంది, దానికి కొత్త పథకం అక్కర్లేదు. 2017లో అప్పటి ప్రభుత్వం కేసీఆర్ కిట్ మొదలుపెట్టినప్పుడు అందులో 16 వస్తువులు పెట్టారు. పేద తల్లి ఆ సంచీ పట్టుకుని ఆసుపత్రి మెట్లు దిగుతుంటే చూడ్డానికి ఎంతో బాగుండేది. కానీ అందులో బేబీ పౌడరు కూడా ఉండేది. సర్కారే ఇచ్చింది కదా అని తల్లులు గజ్జల్లో దండిగా చల్లేవారు. తడికి అది ఉండ కట్టి ఇంకా ఒరుస్తుంది, గాలిలో లేచిన ధూళి పిల్ల ఊపిరితిత్తుల్లోకి పోతుంది. అమెరికా పిల్లల డాక్టర్ల అకాడమీ పౌడరు వద్దని ఎప్పటినుంచో చెబుతోంది. కిట్టు ఏ పేరుతో ఇచ్చినా సరే, అందులో పౌడరు తీసేసి జింక్ ఆక్సైడ్ ముద్ద ఒకటి, తెలుగులో బొమ్మలతో ఒక కాగితం ఒకటి పెట్టించండి.

ఇక ఇళ్ళకు వెళ్ళడం గురించి. ఆసుపత్రిలో పుట్టిన బిడ్డ దగ్గరికి ఆశా 42 రోజుల్లోపు ఆరుసార్లు వెళ్ళాలి. 2018లో కేంద్రం తెచ్చిన కార్యక్రమం ప్రకారం 3, 6, 9, 12, 15 నెలలకు కూడా వెళ్ళాలి. ఒరుపులు ఎక్కువగా వచ్చేది 9 నుంచి 12 నెలల మధ్యే. అంటే మనిషి ఆ ఇంటికి ఎలాగూ వెళ్తోంది. బరువు, ఆహారం, టీకాలు అన్నీ రాసుకుంటోంది, లంగోటీ మాత్రం విప్పి చూడదు. ఆమె ఫారంలో ఒక్క గడి కలపండి. బుధ, శనివారాల టీకాలప్పుడు కూడా అంతే. పెంటావాలెంట్ అయినా పీసీవీ అయినా సూది వేసేది తొడకే. అక్కడినుంచి గజ్జ నాలుగు వేళ్ళ దూరం. ఏఎన్ఎం ఆ గుడ్డ ఇంకాస్త జరిపి చూస్తే చాలు, "ఏం రాస్తున్నవ్ అమ్మా?" అని ఒక్క మాట అడిగితే చాలు. కొంగులో దాచిన ట్యూబు అక్కడే బయటపడుతుంది. ఫారాలు, యాప్‌లు పెంచి వాళ్ళ నెత్తిన ఇంకో టెన్షన్ పెట్టమని కాదు నేనడిగేది, ఆ సంగతి నాకు బాగా తెలుసు. పనికిరాని గడులు రెండు తీసేసి ఇది పెట్టించండి.

సబ్ సెంటర్లలో జింక్ ఆక్సైడ్ ముద్ద, విడి క్లోట్రిమజోల్ క్రీము ఏడాది పొడుగునా ఉండేలా చూడండి. ఇవి లేకపోతే మేం ఎంత చెప్పినా తల్లి మళ్ళీ షాపుకే వెళ్తుంది.

ఆ కాగితం మీద ఏం రాయాలో, ఏ బొమ్మలు వెయ్యాలో నేను రాసి పెట్టుకున్నాను. మీ శాఖ డాక్టర్లు చూసి తప్పులుంటే దిద్దుకోవచ్చు. మా జిల్లా ఆశాలకు శిక్షణ ఇమ్మంటే నా బస్సు చార్జీ నేనే పెట్టుకుని వస్తాను. వానలు మొదలయ్యేలోపు సర్క్యులర్ వస్తే ఈ ఏడే పని జరుగుతుంది.

ఇట్లు,
రిటైర్డ్ ఏఎన్ఎం,
నల్లగొండ జిల్లా