తప్పెటకి డబ్బులుండవా?

ఎడిటర్ గారికి నమస్కారం,

మాది చీపురుపల్లి దగ్గర పల్లెటూరండి. మా చిన్నాన్న తప్పెటగుళ్ళు ఆడతాడు, అంటే రేకు తప్పెట రొమ్ముకి కట్టుకుని వాయిస్తూ అడుగులేసే ఆట, ముప్పై ఏళ్ళుగా. మొన్న అమ్మవారి పండక్కి ముందు తప్పెట తీసి చూస్తే రేకు అంచు లేచిపోయి ఉంది, వాయిస్తుంటే వేళ్ళు తెగుతున్నాయని గుడ్డపీలిక చుట్టుకుని తెల్లార్లూ ఆడాడు, పొద్దున విప్పితే ఆ పీలిక ఎర్రగా ఉంది. గజ్జెలు కూడా సగం రాలిపోయాయి. పదహారు మంది బృందం, అందరూ కూలికెళ్ళేవాళ్ళే, కొత్త తప్పెటలంటే ఎక్కడినుంచి తెస్తారు.

అందుకే చిన్నాన్నని బండెక్కించుకుని సాయం అడుగుదామని దగ్గర్లో ఒక కంపెనీ ఆఫీసుకెళ్ళాను. మర్యాదగానే మాట్లాడారు, టీ కూడా ఇచ్చారు, కానీ మీ సంఘానికి రిజిస్ట్రేషన్ ఉందా, ఆడిట్ ఉందా, సీఎస్ఆర్-1 నంబర్ (కంపెనీలు సమాజం కోసం పెట్టే డబ్బు అందుకునే సంస్థలకి కేంద్రం ఇచ్చే రిజిస్ట్రేషన్ నంబరు) ఉందా అని అడిగారు. చిన్నాన్న నా మొహం చూశాడు. ఆయన చేతిలో ఉన్నదల్లా ఆధార్ కార్డు, ఎప్పుడో ఉత్సవాల్లో ఇచ్చిన సర్టిఫికెట్టూనూ.

తర్వాత నేను కూర్చుని చదివానండి. 2013 కంపెనీల చట్టం 135వ సెక్షన్ ప్రకారం పెద్ద కంపెనీలు మూడేళ్ళ సగటు లాభంలో కనీసం 2 శాతం సమాజం కోసం ఖర్చు పెట్టాలి, ఏ పనులకి పెట్టచ్చో ఏడో షెడ్యూల్లో ఉంది, అందులో చదువు, వైద్యంతో పాటు సంప్రదాయ కళలు, హస్తకళలు కూడా రాసున్నాయి. మరి మన వైపు ఎక్కడ చూసినా మంచినీళ్ళ ప్లాంట్లూ, బడి గోడలకి రంగులే కనిపిస్తాయి. అవీ కావాలి, కాదనను. కానీ తప్పెటకి ఎందుకు రాదు? 2021 ఏప్రిల్ నుంచి బయటి సంస్థ ద్వారా ఖర్చు పెట్టాలంటే ఆ సంస్థకి సీఎస్ఆర్-1 ఉండి తీరాలి. కంపెనీ తన ప్రాజెక్టుగా నేరుగా పెట్టుకుంటే మాత్రం ఆ నంబర్ అక్కర్లేదు. అంటే మా చేతికి డబ్బులివ్వక్కర్లేదండి, తప్పెటలూ గజ్జెలూ వాళ్ళే కొనివ్వచ్చు, నేర్పేవాళ్ళకి నెలకింత అని వాళ్ళే ఇవ్వచ్చు.

మన విజయనగరంలో ఇది కొత్తా? 1919లో రాజావారు సంగీత కళాశాల పెట్టి ఆదిభట్ల నారాయణదాసు గారిని మొదటి ప్రిన్సిపాల్ని చేశారు. ఘంటసాల గారు ఇక్కడ చదువుకునే రోజుల్లో జోలె కట్టుకుని మధూకరానికి వెళ్తే ఊళ్ళో ఇల్లాళ్ళు అన్నం పెట్టారు. కళాశాల పెట్టడం రాజుగారి వల్లే అవుతుంది, కానీ ఆ ముద్ద పెట్టిన చెయ్యి మామూలు వాళ్ళది, వాళ్ళు ఏ కాగితమూ అడగలేదు.

నేను అడిగేది రెండే. కలెక్టరాఫీసులో ఒక ఉద్యోగిని వారానికి ఒకరోజైనా కూర్చోబెట్టి, విజయనగరం, శ్రీకాకుళం జిల్లాల బృందాలకి సంఘం రిజిస్ట్రేషన్ ఎలా చేసుకోవాలో, ఏ కంపెనీకి ఎలా రాయాలో చెప్పించండి. అలాగే విదేశాల్లో ఉన్న మన ఊరోళ్ళు గుడికి ఇచ్చే చందాలో కొంచెం ఆ గుడి ముందు ఆడే వాళ్ళకి కూడా తియ్యండి. మా ఊళ్ళో ఇద్దరు కుర్రాళ్ళు బడి అయ్యాక చిన్నాన్న దగ్గరకొచ్చి అడుగులు నేర్చుకుంటున్నారు, ఉన్న ఒక్క తప్పెటే వంతులేసుకుని.

ఎవరైనా ఆడిటర్ గారు ఊరికే కాగితాలు చేసిపెడతానంటే మీ పేపర్లో వెయ్యండి, సంతకాలకి పదహారు మందినీ నేనే తీసుకొస్తాను.

- ఒక పాఠకుడు, చీపురుపల్లి మండలం, విజయనగరం జిల్లా