ఆపరేషన్ ఉచితమే, ఆ తర్వాత బిడ్డను చూసేదెవరు?

సంపాదకులకు నమస్కారం.

2007 ఏప్రిల్‌లో ఆరోగ్యశ్రీని మొదట అమలు చేసిన మూడు జిల్లాల్లో మన పాలమూరు ఒకటి. గుండెకు రంధ్రంతో పుట్టిన పిల్లలకు పొలం అమ్మకుండా ఆపరేషన్ జరుగుతున్నదంటే ఆ పథకం పుణ్యమే. 2023 డిసెంబరులో పరిమితిని 10 లక్షలకు పెంచారు కూడా. డబ్బు సంగతి సరే. హైదరాబాద్ దవాఖాన నుంచి బిడ్డను ఎత్తుకుని అచ్చంపేటలోనో దేవరకొండలోనో బస్సు దిగిన తల్లికి ఆ రాత్రి నుంచి తోడెవరు? పిల్లల వార్డులో నర్సుగా చేసి రిటైరైనదాన్ని కాబట్టి అడుగుతున్నాను.

ఆమె చేతిలో ఉండేది ఇంగ్లిష్‌లో రాసిన డిశ్చార్జి కాగితం. పొద్దున అర గోలీ, రాత్రి పావు గోలీ. పావు గోలీ సమంగా ఎట్లా విరవాలి? మందు తాగి కక్కితే మళ్లీ పట్టాలా? డిగాక్సిన్ అనే గుండె మందు అయితే మళ్లీ పట్టొద్దు, మోతాదు కొంచెం పెరిగినా ప్రాణం మీదికి వస్తుంది. ఎదురు రొమ్ము ఎముక కోసిన బిడ్డను కనీసం ఆరు వారాలు చంకల్లో చేతులు పెట్టి ఎత్తొద్దు. మెడ కింద ఒక చెయ్యి, పిరుదుల కింద ఒక చెయ్యి వేయాలి. వార్డులో సిస్టర్లు ఇవన్నీ చెబుతారు, కాదనను. బస్సుకు టైమవుతున్న తల్లికి హడావిడిలో చెప్పింది ఎంత గుర్తుంటుంది?

ఆపరేషన్‌కు ముందు సంగతి ఇంకా అన్యాయం. పాలు తాగుతూ ఆగి ఆగి ఎగపోసే బిడ్డ, నుదుట చెమటలు పట్టే బిడ్డ, బరువు పెరగని బిడ్డ కనిపిస్తే దిష్టి తీస్తారు, లేదంటే తల్లికి పాలు చాలడం లేదంటారు. పిల్లల ఆరోగ్యం పరీక్షించే ప్రభుత్వ కార్యక్రమం ఆర్‌బీఎస్‌కే బృందం అంగన్‌వాడీకి వచ్చేది ఏడాదికి రెండుసార్లు. అంతవరకు ఆగే జబ్బు కాదిది. కాన్పు తర్వాత 42వ రోజు వరకు ఆశా కార్యకర్త ఇంటికి వస్తూనే ఉంటుంది కదా, 'పాలు తాగేటప్పుడు అలసిపోతున్నాడా?' అని ఆమెతోనే అడిగించవచ్చు. కాన్పుల దవాఖానలో 24 గంటలు నిండిన బిడ్డ కుడి చేతికి, ఒక పాదానికి పల్స్ ఆక్సీమీటర్ పెట్టి రక్తంలో ఆక్సిజన్ తగ్గిందేమో చూడటం నర్సులు చేయగల పని. కరోనా కాలంలో ఈ పరికరం చూడని దవాఖాన లేదు. పసిపిల్లలకు వేరే ప్రోబ్ (ఒంటికి తగిలించే భాగం) కావాలి, అంతే.

నీలి పిల్లల సంగతి, అంటే గుండె లోపంతో రక్తంలో ఆక్సిజన్ చాలక ఒళ్లు నీలంగా మారే పిల్లల సంగతి ప్రత్యేకంగా చెప్పాలి. ఏడ్చి ఏడ్చి ఒక్కసారిగా నల్లబడితే ఫిట్స్ అనుకుని ముఖాన నీళ్లు కొడతారు. చేయాల్సింది మోకాళ్లు రొమ్ముకు ఆనేలా మడిచి, ఏడుపు మాన్పించి, వెంటనే దవాఖానకు పరుగెత్తడం. అట్లా మడిస్తే ఊపిరితిత్తులకు రక్తం కాస్త ఎక్కువగా పోతుంది. కొంచెం పెద్ద పిల్లలు ఆడుతూ ఆడుతూ తమంతట తామే గొంతుక్కూర్చుంటారు, ఎవరూ నేర్పకుండానే! ఈ పిల్లల రక్తం చిక్కగా ఉంటుంది. నల్లగొండ ఎండల్లో విరేచనాలై ఒంట్లో నీరు తగ్గితే మెదడులో గడ్డకట్టే ప్రమాదముంది. ఇది ఏ తల్లికి తెలుసు?

కొత్త భవనాలు అడగడం లేదు. నల్లగొండ, మహబూబ్‌నగర్ ప్రభుత్వ పెద్దాసుపత్రుల్లో ఈ పిల్లల కోసం ఇద్దరిద్దరు నర్సులకు హైదరాబాద్‌లోని పిల్లల గుండె వార్డులో శిక్షణ ఇప్పించండి. డిశ్చార్జి కాగితంతోపాటు తెలుగులో ఒక పేజీ, రాత్రిపూట కూడా ఎత్తే ఒక ఫోన్ నంబరు ఇవ్వండి. శిక్షణ పొందిన సిస్టర్‌ను ఆర్నెల్లకే ఎముకల వార్డుకు మార్చడం మన దగ్గర మామూలే. కనీసం మూడేళ్లు ఆమెను అక్కడే ఉంచాలని ఉత్తర్వులోనే రాయండి.

– ఒక విశ్రాంత స్టాఫ్ నర్సు, దేవరకొండ, నల్లగొండ జిల్లా