అప్పు రాస్తారు, మునక రాయరు

సంపాదకుల వారికి,

అయ్యా,

రెండు ఆదివారాల కిందట మీ అనుబంధంలో 'సెకండ్ హ్యాండ్ కారు కొంటున్నారా? పది సూచనలు' అని ఒక పేజీ వేశారు. టైర్ల అరుగుదల చూడమన్నారు. పెయింటు కింద పుట్టీ ఉందేమో వేలితో తట్టమన్నారు. పగటి వెలుతుర్లో చూడమన్నారు. అచ్చం పెళ్లిచూపుల జాగ్రత్తలే. పదో సూచనగా 'నమ్మకమైన డీలరు దగ్గరే కొనండి' అన్నారు. ఎవరు నమ్మకమైనవాడో ముందే తెలిస్తే మిగతా తొమ్మిదీ ఎందుకండీ? ఆ పేజీ కింద సగం మేర పాత కార్లు అమ్మే కంపెనీ ప్రకటన కూడా ఉంది. ఆ సంగతి చివర్లో చెప్తాను. మీరు చెప్పిన జాగ్రత్తలన్నీ మీరు చెప్పకముందే పాటించి కారు కొన్న ఒక మనిషికి ఏమైందో ముందు వినండి. ఆ మనిషిని నేనే.

రైల్వేలో పనిచేసి రిటైరై చెన్నై పెరంబూరులో ఉంటున్నాను. సూళ్లూరుపేటలో మా అత్తగారు ఒక్కరే ఉంటారు. నెలకు మూడు నాలుగుసార్లు వెళ్లి రావాలి. మా ఆవిడ మోకాళ్లు స్టేషను మెట్లకు ఒప్పుకోవడం మానేశాయి. అందుకని 2024 ఆడి మాసంలో ఒక కన్సల్టింగుకి వెళ్లి 2021 మోడల్ చిన్న కారు చూశాను. (మన వైపు ఆటో కన్సల్టెన్సీ అంటాం, ఇక్కడ ఉత్త కన్సల్టింగ్ అంటారు. సలహా ఇచ్చేవాడు రెండుచోట్లా ఉండడు.) బయట అయిదున్నర లక్షలు పలికే బండిని నాలుగు లక్షల డెబ్బై వేలకే ఇస్తానన్నాడు. ఎందుకింత తక్కువంటే "ఆడిలో ఎవరు కొంటారు సార్" అన్నాడు. నమ్మాను. వాళ్లకు ఆడి, మనకు ఆషాఢం, బేరాలు ఉండవని తెలిసిందేగా.

ఆర్సీలో ఒక బ్యాంకు పేరున హెచ్‌పీ ఉంది, అంటే హైపోథెకేషన్, బండి మీద బ్యాంకు అప్పు ఉందన్న రాత. చూశాను, అడిగాను కూడా. "లోను తీరిపోయింది సార్, ఎన్‌ఓసీ (అభ్యంతరం లేదని బ్యాంకు ఇచ్చే కాగితం) రావాలంతే. హెచ్‌పీ క్యాన్సిలూ నేమ్ ట్రాన్స్‌ఫరూ కలిపి నెలలో చేయించేస్తా" అంటూ లోను తీరినట్టు బ్యాంకు ఇచ్చిన ఉత్తరం జెరాక్సు చేతిలో పెట్టాడు. ఉత్తరం తేదీ 2024 ఫిబ్రవరి. అరవై కంతుల లోను సగం దారిలోనే ఎలా తీరిందో అడగాలని నాకు తోచలేదు. ఎవరో బాధ్యత గల కుర్రాడు కాబోలు అనుకున్నాను. డబ్బు మొత్తం కట్టేశాను. అది నా బుద్ధితక్కువ, ఒప్పుకుంటున్నాను. నెల అన్నది మూడు నెలలయింది. ఫోన్ చేసినప్పుడల్లా "బ్యాంకులో పెండింగ్ సార్".

అక్టోబరులో వానలు పట్టుకున్నాయి. వేళచ్చేరి జనం ముందుజాగ్రత్తగా కార్లు తీసుకెళ్లి ఫ్లైఓవర్ మీద వరసగా పెట్టిన వారం అది. ఆ ఫొటోలు చూసి నవ్వుకున్నవాళ్లలో నేనూ ఉన్నాను. ఆ వారమే ఒక సాయంత్రం ఏసీ వేస్తే కారంతా చెరువు వాసన. డాష్‌బోర్డు మీది సెంటు సీసా అన్నాళ్లూ ఏం కప్పిపెట్టిందో అప్పుడు తెలిసింది. ఎడమ పక్క అద్దం దిగింది, మళ్లీ ఎక్కనంది.

పుదుపేటలో నాకు చాలా ఏళ్లుగా తెలిసిన మెకానిక్ ఒకతనున్నాడు. అతనికి చూపిస్తే బానెట్ కూడా ఎత్తలేదు. డ్రైవరు సీటు బెల్టు పట్టుకుని చివరికంటా లాగాడు. పెట్టుకునేటప్పుడు మనం సగమే లాగుతాం కదా, ఎప్పుడూ లోపల చుట్టుకుని ఉండే ముక్క బయటికొచ్చింది. చివరి జానెడు మేర కాఫీ డికాషన్ రంగు. గోటితో గీకితే పొడిమట్టి రాలింది. తర్వాత డిక్కీలో స్టెప్నీ తీసి, ఆ గుంత మూలలోంచి ఎండిన బురద పెచ్చు ఒకటి ఊడబెరికి నా అరచేతిలో పెట్టాడు. "సీటు దాకా నీళ్లు సార్. ఒక రోజులో దిగిన నీళ్లు కావు" అన్నాడు. మీ పది సూచనల్లో బెల్టు లేదు, స్టెప్నీ గుంత లేదు.

ఆర్సీలో ఉన్న అడ్రసు పట్టుకుని పళ్లికరణై వెళ్లాను. ఓనరు ఇల్లు మారిపోయాడు. వాచ్‌మన్ ఫోను నంబరిచ్చాడు. తమిళంలో మొదలుపెట్టి రెండు మాటలు మాట్లాడేసరికే మనవాడని తెలిసిపోయింది. నెల్లూరు అబ్బాయి, ఐటీ ఉద్యోగం. కారు నంబరు చెప్పగానే అవతల కాసేపు చప్పుడు లేదు. తర్వాత "అంకుల్, ఆ కారు ఇంకా తిరగతా ఉందా?" అన్నాడు.

2023 డిసెంబరు 4న మిచౌంగ్ తుపాను వానకి వాళ్ల అపార్టుమెంటు కింద పార్కింగులో మునిగిన బండి అది. ఇన్సూరెన్స్ వాళ్లు టోటల్ లాస్ అన్నారు. బండి మీద లోను ఉంది కాబట్టి క్లెయిము డబ్బు ముందు బ్యాంకుకు పోయింది, మిగిలింది ఇతని చేతికొచ్చింది. సగం దారిలో లోను తీరడం వెనక కథ అదీ. బండిని ఎవరో వేలంలో కొని క్రేనుతో ఎత్తుకెళ్లారు. పేరు మార్పు కాగితాలైన ఫారం 29, ఫారం 30 మీద సంతకాలు పెట్టిచ్చి పీడ వదిలిందనుకున్నాడు. వదల్లేదు. ఆర్సీలో ఇంకా అతని పేరే ఉంది. అతని కారులో, అతనికి తెలియకుండా, మూడు నెలలుగా నేను సూళ్లూరుపేట తిరుగుతున్నాను. ఎవరినైనా గుద్ది ఉంటే? పేరు మారనంత వరకు ఆర్సీలో ఉన్నవాడే ఓనరనీ, పరిహారం బాధ్యత అతనిదేననీ సుప్రీంకోర్టు 2018లో తేల్చేసింది. ఈ మాట చెప్పిన మర్నాడే ఆ అబ్బాయి ఆఫీసుకు సెలవు పెట్టి నాతో బ్యాంకుకు వచ్చాడు. అతనికి చేతులెత్తి దండం పెట్టాలి.

ఇప్పుడు నా అసలు గోడు. బ్యాంకుకు బాకీ ఉందని ఆర్సీలో రాశారు, బాకీ తీరిన ఎనిమిది నెలల తర్వాత కూడా ఆ రాత అలాగే ఉంది. బండి నీళ్లలో మునిగిందన్న సంగతి మాత్రం ఒక్క ముక్క లేదు. ఎం-పరివాహన్ యాప్‌లో నంబరు కొట్టి చూశాను. ఓనరు పేరు చుక్కలతో, ఇంధనం పెట్రోలు, ఫిట్‌నెస్ 2036 వరకు. సీటు దాకా మునిగిన బండికి 2036 వరకు ఢోకా లేదట!

బ్యాంకుల డబ్బు కాపాడటానికి మోటారు వాహనాల చట్టంలో 51వ సెక్షన్ ఉంది. హెచ్‌పీ ఎక్కించడానికి ఫారం 34, దించడానికి ఫారం 35. బ్యాంకు ఊ అననిదే పేరు మారదు. మరి కొనేవాడికి? 55వ సెక్షన్ ఉంది కదా అంటారు. బండి నాశనమైతే, లేదా ఇక ఎప్పటికీ వాడటానికి వీల్లేకుండా పోతే 14 రోజుల్లో తెలియజేసి రిజిస్ట్రేషన్ రద్దు చేయించుకోవాలి. కానీ టోటల్ లాస్ అంటే బండి చచ్చిందని కాదు, అదొక లెక్క. రిపేరు ఖర్చు ఐడీవీలో, అంటే ఇన్సూరెన్స్‌లో బండికి కట్టిన విలువలో, 75 శాతం దాటితే బాగుచేయించే బదులు డబ్బిచ్చి వదిలించుకుంటారు. బండి మాత్రం వేలంలో కొన్నవాడి షెడ్డులో ఆరి, వైరింగు అతికించుకుని, సెంటు పూసుకుని ఆడి మాసానికి తయారవుతుంది.

బాగుచేసి అమ్మడం తప్పని నేననడం లేదు. మునిగిందని చెప్పి అమ్మితే కొనేవాళ్లు తెలిసే కొంటారు. మా అమ్మాయి అమెరికాలో ఉంటుంది. అక్కడ ఇలాంటి బండి టైటిల్ మీదే 'సాల్వేజ్' అని ముద్ర పడుతుందని చెప్పింది. పక్క రాష్ట్రానికి తీసుకెళ్లి ఆ ముద్ర పోగొట్టుకునే ఘనులు అక్కడా ఉన్నారనుకోండి. ముద్రంటూ ఉంటేనే కదా చెరపడం. మనకు ఆ బెడద కూడా లేదు. క్లెయిము ఇచ్చిన కంపెనీ దగ్గర వివరాలన్నీ ఉన్నాయి. హెచ్‌పీ రాసే గడి పక్కనే ఇంకో గడి పెట్టి 'టోటల్ లాస్, ఫలానా తేదీ' అని రాయడానికి ఏం అడ్డమొచ్చింది?

డీలర్ల సంగతి సరేసరి. పాత బండ్లు అమ్మేవాళ్లు రవాణా శాఖ దగ్గర ఆథరైజేషన్ తీసుకోవాలనీ, ఓనరు బండి అప్పగించగానే ఆన్‌లైన్‌లో తెలియజేయాలనీ కేంద్రం నియమాలు సవరించింది. 2023 ఏప్రిల్ 1 నుంచి అమలు అన్నారు. మా కన్సల్టింగ్ అతన్ని ఆ సర్టిఫికెట్ అడిగితే మురుగన్ క్యాలెండరు పక్కన వేలాడుతున్న జీఎస్టీ సర్టిఫికెట్ చూపించాడు. ఆర్టీవో ఆఫీసులో చెబితే రాసిమ్మన్నారు. రాసిచ్చాను. రసీదు అడిగితే విచిత్రంగా చూశారు. ఇక పేరు మార్పు, హెచ్‌పీ రద్దు సంగతి. అంతా ఆన్‌లైన్ అన్నారు కదా అని అప్‌లోడ్ చేసిన కాగితాలనే మళ్లీ ప్రింటు తీసి రెండు కాపీలు పట్టుకు రమ్మన్నారు. ఎన్ని రోజులవుతుందో చెప్పలేమన్నారు. బయట చెట్టు కింద బ్రోకరు నా ఫైలు వైపు ఒకసారి చూసి "నాలుగు వేలు, రెండ్రోజులు" అన్నాడు. నేనివ్వలేదు. ఏడు వారాలు పట్టింది.

అసలు ఆ కారు మునగడం ఎవరి పుణ్యం? పళ్లికరణై చిత్తడినేలకు 2022లో, అంతర్జాతీయంగా ముఖ్యమైన చిత్తడినేలలకు ఇచ్చే రామ్‌సర్ గుర్తింపు వచ్చింది. అక్కడ నీళ్లు నిలుస్తాయని ప్రపంచానికి తెలుసు. దాని చుట్టుపక్కల నేల కింద పార్కింగులకు ప్లాన్లు పాస్ చేసిన పెద్దలకే తెలియదు. ఇక రోడ్డు మీద మనం సీటు బెల్టు పెట్టుకోకపోతే మాత్రం వెయ్యి రూపాయల చలానా. ఆ బెల్టుకి బురద ఉంటే అడిగే దిక్కు లేదు.

ఇప్పుడు ఆర్సీ నా పేరునే ఉంది, హెచ్‌పీ పోయింది. కారు ఇంటి ముందు వేపచెట్టు కింద పడి ఉంది. మునిగిన బండని చెప్తే మెకానిక్ రెండు లక్షలు కూడా రావంటున్నాడు. చెప్పకపోతే నాలుగున్నరకు కళ్లు మూసుకుని అమ్మేయొచ్చట. యాప్‌లో చూసినా ఎవరికీ ఏమీ కనపడదు కదా. మా ఆవిడ ఒప్పుకోవడం లేదు. సూళ్లూరుపేటకు మళ్లీ రైల్లోనే వెళ్తున్నాం.

మీ పదికి పదకొండోదిగా ఆ బెల్టు సంగతి వేయండి, పన్నెండోదిగా లోను ఎప్పుడు, ఎందుకు తీరిందో కనుక్కోమని వేయండి. వేస్తే దయచేసి ఆ ప్రకటనకు కాస్త దూరంగా వేయండి.

ఇట్లు,
ఒక పాత చందాదారు,
పెరంబూరు, చెన్నై