ఉయ్యాల కొనే ముందు నీళ్ల లెక్క చూడు

అరే దోస్తూ,

మంచిగున్నవా? వదిన, పిల్లలు బాగున్నరా? నీ ఉత్తరం, అందుల పెట్టిన నక్ష చూసిన. మీ కాలనీల ఆ 2,000 గజాల జాగ ఇన్నేండ్లకు పార్కు అయితున్నదంటే మస్తు సంబురమైంది. కానీ నక్షల లాన్, ఫౌంటెన్ నడిమిట్ల కూసున్నయి, చెట్లు మూలకు పోయినయి. అది తిప్పి గియ్యాలె.

ముందుగాల కాగితాలు. లేఅవుట్ల ఖాళీ జాగ మున్సిపాలిటీకి గిఫ్ట్ డీడ్ అయ్యుంటది. ఆ కాపీ చేతుల పెట్టుకొని, సర్వేయర్‌తోని హద్దులు కొలిపించి, కంచె ఏపియ్యున్రి. 2019 మున్సిపల్ చట్టంల బడ్జెట్‌ల 10 శాతం పచ్చదనానికే పెట్టాలని ఉన్నది. మొక్కల పైసలు అందులకెళ్లి అడుగున్రి.

ఇగ నీళ్లు. ఎండకాలంల మన పాలమూరు చలకల లాన్‌కు చదరపు మీటరుకు రోజుకు 5 లీటర్లన్న తాగిపియ్యాలె. 600 గజాల లాన్ అంటే సుమారు 500 చదరపు మీటర్లు, రోజుకు 2,500 లీటర్లు, 5,000 లీటర్ల ట్యాంకర్ రెండు రోజులకే ఖతం. అదే 60 చెట్లకు మూడు రోజులకోపారి 20 లీటర్ల లెక్కన పోస్తే రోజుకు 400 లీటర్లు చాలు. ఏప్రిల్‌ల బోరు సతాయించినప్పుడు ముందు ఎండేది లాన్, పొయ్యేది దానిమీద పెట్టిన పైసలు. గేటు కాడ చిన్న తుకడ ఉంచుకొని కడుమది నీడకియ్యున్రి.

డ్రిప్ ఏస్తే బోరు నీళ్ల ఉప్పు యాది పెట్టుకో. డ్రిప్పర్ మూతి కాడ తెల్లగ సున్నం లెక్క పేరుకుంటది, చుక్క ఆగిపోతది, మొక్క ఎండినంకనే తెలుస్తది. 15 రోజులకోపారి లైన్ చివరి మూత ఇప్పి నీళ్లు జోరుగ ఇడవాలె. మూసుకుపోయిన డ్రిప్పర్లను నిమ్మ ఉప్పు నీళ్లల్ల రాత్రంత నానేస్తే సాఫైతయి.

చెట్లల్ల వేప, కానుగ, పొగడ పెట్టు. ముఖ్యంగ పడమర, దక్షిణం దిక్కు, 15 ఫీట్ల ఎడంల. నేరేడు మంచిదే, కానీ బాటకు దూరం పెట్టు, పండ్లు రాలి బాట జారుతది. కోనోకార్పస్ అసలే ఒద్దు. 2 ఫీట్ల గుంతలు మే నెలలనే తవ్వి ఎండకు కాలనియ్యాలె. జూన్‌ల రెండు వానలు పడ్డంక పైమట్టి, రెండు గంపల పశువుల ఎరువు, పావు కిలో వేపపిండి కలిపి నింపు. వేపపిండి చెదల కోసం. మన పిల్లలమర్రి, అంత పెద్ద పాత మర్రిచెట్టునే చెద తింటే 2018ల సెలైన్ బాటిళ్లు కట్టి మందెక్కియ్యాల్సొచ్చింది గదా, చిన్న మొక్క ఎంత! మొదలు చుట్టు 3 ఫీట్లు మట్టి ఇడువాలె, పేవర్ బ్లాకులు మొదలు దాక రానియ్యకు.

నడక బాట కంచె ఎంబడి తిప్పితే మీ జాగల సుమారు 140 మీటర్లు వస్తది, ఏడు చుట్లకు కిలోమీటర్. 6 ఫీట్ల వెడల్పు తీసుకొని, కింద 4 ఇంచుల కంకర, మీద 2 ఇంచుల క్రషర్ డస్ట్ రోలర్‌తోని తొక్కిపియ్యాలె. తొక్కితే దిగుతది కాబట్టి పావు వంతు ఎక్కువ లెక్కేసి, 100 సీఎఫ్‌టీ (ఘనపుటడుగుల) ట్రాక్టర్ ట్రిప్పులు కంకరకు 12, డస్ట్‌కు 6 చెప్పు. నడుమ ఒక ఇంచు ఎత్తు ఉంచకపోతే మొదటి వానకే నీళ్లు నిలిచి గుంతలు పడ్తయి. టైల్స్ అయితే ముసలోళ్లు జారి పడ్తరు.

పిల్లల జాగ మీద నాకు మస్తు పట్టింపు, అందుకే ఇది నిదానంగ చదువు. ఉయ్యాల కింద అడుగు లోతు ఇసుక ఉండాలె, గుండ్రటి నది ఇసుక. క్రషర్ డస్ట్ పోస్తే గట్టిపడి బండ లెక్కైతది. ఉయ్యాల కడ్డీ 6 ఫీట్ల ఎత్తుంటే ముందు 12, ఎనుక 12 ఫీట్లు ఏమీ ఉండొద్దు. కూసునే పలక కింద ఇసుక రోజూ తొలుగుతది, వారానికోపారి పారతోని సదరాలె. గొలుసు కడ్డీకి తగిలే ఎస్ హుక్కును నెలకోపారి ఇప్పి చూడు: లోపలి వంపుల మెరుస్తున్న గీత ఉంటది, అదే అరుగుడు. మందంల మూడో వంతు పోయిందంటే ఆ దినమే మార్చు. జారుడుబండ ఉత్తరం మొకం పెట్టు, పడమర పెడితే సాయంత్రం ఆ స్టీలు మీద పిల్లల తొడలు కాలుతయి. నిచ్చెన కమ్మీల సందు మూడున్నర ఇంచులకంటె తక్కువుండాలె, లేకుంటె 9 దాటాలె. ఆ నడుమ సందులల్లనే తలకాయలు ఇరుకుతయి.

ఓపెన్ జిమ్ సామాన్లు పేవర్ల మీద బోల్టులు కొట్టి నిలబెడ్తమంటరు, ఒప్పుకోకు. 2 ఫీట్ల గుంత, ఒకేపారి కాంక్రీట్, 7 రోజులు నీళ్లు. ఊగుడు మొదలైతే వెల్డింగ్ కాడ పగులుతది. పైపు మూతులకు మూతలు లేకపోతే వాన నీళ్లు లోపలికెళ్లి తుప్పు పట్టిస్తయి. బేరింగులకు మూడు నెలలకోపారి గ్రీజు.

తాళంచెయ్యి ఎవరి కాడుంటది, పొద్దుగాల 5 గంటలకు గేటు ఎవరు తీస్తరు, ఇది మీటింగ్‌ల రాసిపెట్టుకోన్రి. నక్ష మల్ల గీసి పంపు. బోరు ఎక్కడున్నది, పడమర ఎటున్నది రెండూ దాని మీద రాయి.

నీ దోస్త్