టోస్కా రికార్డులో పెట్టె మీద ఉన్నదెవరు?

సంపాదకుడు గారికి,

నమస్కారం. పోయిన ఆదివారం అనుబంధంలో ఇటలీ స్వరకర్త పుచ్చీని ఒపెరా, అంటే మొత్తం పాటలతోనే నడిచే నాటకం, 'టోస్కా' రికార్డింగుల మీద మీరు వేసిన వ్యాసం రెండుసార్లు చదివాను. తెలుగు పత్రికలో ఆ పేరు కనపడినందుకే మొదటిసారి సంతోషపడ్డాను. రెండోసారి చదివాక ఈ ఉత్తరం రాయక తప్పలేదు.

1953లో గాయని మరియా కల్లాస్ పాడిన రికార్డు ఒక్కటుంటే చాలు, మిగతావన్నీ అటకెక్కించవచ్చని మీ వ్యాసకర్త తేల్చేశారు. ఆ రికార్డు గొప్పదే. నాకూ దాని తరవాతే ఏదైనా. కానీ వ్యాసం పొడుగునా కల్లాస్ గొంతు, కల్లాస్ చూపు, కల్లాస్ బతుకు. అంత సంగీతాన్నీ చేత్తో పట్టుకుని నడిపిన మనిషి పేరు ఒక్కచోట కూడా లేదు. పైగా అది మిలాన్‌లోని లా స్కాలా థియేటర్‌లో 'కిక్కిరిసిన ప్రేక్షకుల మధ్య' రికార్డయిందని రాశారు. థియేటర్ నిజమే, ప్రేక్షకులు మాత్రం లేరు. ఆగస్టు నెలలో, ఖాళీ కుర్చీల ముందు, రోజుల తరబడి ముక్కలు ముక్కలుగా పాడించి, నచ్చకపోతే మళ్లీ పాడించి చేసిన రికార్డు అది. మొదటి అంకంలో తన భాగాన్ని, విలన్ పాత్ర పాడిన టీటో గోబ్బి చేత ముప్పయిసార్లు పాడించామని నిర్మాత వాల్టర్ లెగ్ రాసుకున్నారు. ప్రేక్షకుల ముందు అలా కుదురుతుందా?

ఇదంతా చెప్పడానికి నువ్వెవరయ్యా అంటారేమో. నేను సంగీతం చదువుకున్నవాణ్ణి కాను. ముప్పయి మూడేళ్లు ఓడల మీద మెరైన్ ఇంజనీరుగా చేసి, విశాఖలో స్థిరపడ్డాను. ఇంజన్ రూమ్ చప్పుడుకి ఎడమ చెవి మందగించింది. మా నాన్న మాత్రం తెనాలి చుట్టుపక్కల పద్య నాటకాలకి హార్మనిస్టు. శివరాత్రికి మూడు ఊళ్లలో కాంట్రాక్టు ఉంటే, మూడో ఊరికి తెల్లవారుజామున వెళ్లి కాటి సీను ఒక్కటే వాయించి వచ్చిన రోజులున్నాయి. చిన్నప్పుడు ఆయన పక్కన, హార్మోనియం పెట్టెకి ఆనుకుని కూర్చుని నిద్రపోయేవాణ్ణి. పద్యానికి తాళం ఉండదు కదా. నటుడు ఎక్కడ ఊపిరి తీస్తాడో, ఏ మాట దగ్గర ఆగుతాడో, రాగం ఎంత దూరం లాగుతాడో హార్మనిస్టుకి ముందే తెలియాలి. వెనక నుంచి అందుకుంటే పద్యం చచ్చిపోతుంది. ముందుకి తోస్తే నటుడు చచ్చిపోతాడు. జనం వన్స్‌మోర్ కొట్టేది నటుడికి. పెట్టె మీద ఉన్నవాడి మొహం కూడా ఎవరూ చూడరు.

1979లో మా ఓడ ఇటలీలో జెనోవా రేవుకి వచ్చింది. పాత రేవు వెనక సందుల్లో ఒక ముసలాయన వాడిన రికార్డులు అమ్మేవాడు. అక్కడ దొరికింది ఈ 1953 టోస్కా, రెండు ఎల్పీల అట్టపెట్టె, ఎనిమిది వేల లీరాలు. కొన్నది బొమ్మ చూసి, అంతే. ఓడలో పెడితే సూది ఎగిరిపడేది. అందుకని సెలవు దొరికిందాకా, నాలుగు నెలలు, దాన్ని చొక్కాల మధ్య పెట్టి కాపాడాను. తెనాలిలో మా వీధి షావుకారు గారింట్లో రేడియోగ్రామ్ ఉండేది. మొదట విన్నది అక్కడే, నాన్న పక్కన కూర్చుని.

కథ తెలియనివాళ్ల కోసం రెండు ముక్కలు. 1800 జూన్, రోమ్ నగరం. టోస్కా పేరున్న గాయని. ఆమె ప్రియుడు కవరదోస్సి చిత్రకారుడు, జైలు నుంచి పారిపోయిన ఒక రాజకీయ ఖైదీని దాచిపెడతాడు. పోలీసు పెద్ద స్కార్పియా అతన్ని పట్టుకుని, పక్క గదిలో టోస్కాకి వినపడేట్టు చిత్రహింస పెట్టిస్తాడు. ఆమె తట్టుకోలేక గుట్టు చెప్పేస్తుంది. ప్రియుడి ప్రాణానికి వాడు అడిగిన వెల తన శరీరం. ఒప్పుకున్నట్టే ఒప్పుకుని, భోజనాల బల్ల మీది కత్తితో పొడిచేస్తుంది. కవరదోస్సిని ఉత్తుత్తి తుపాకులతో కాల్చినట్టు నటించి వదిలేస్తామని వాడు ఇచ్చిన మాట కూడా మోసమే. తెల్లవారేసరికి కవరదోస్సి నిజంగానే చచ్చిపోతాడు, ఆమె కోట గోడ మీది నుంచి దూకేస్తుంది. సాయంత్రం ఆడితే అర్ధరాత్రి లోపు అయిపోతుంది. మన నాటకాలతో పోలిస్తే ఇంటర్వెల్ పాటి కూడా కాదు.

మా ఇంట్లో ఇప్పుడు ఈ ఒపెరా ఆరు రికార్డింగుల్లో ఉంది. అన్నిటి గురించీ రాస్తే మీరు వేయరు, కనక రెండిటిని పక్కపక్కన పెడతాను. ఒకటి మీరు మెచ్చుకున్న 1953ది: కల్లాస్, గోబ్బి, జుసెప్పె ది స్టెఫానో, ఆర్కెస్ట్రాని చేతి సైగలతో నడిపే కండక్టర్ విక్టర్ దె సబాటా. రెండోది 1962లో వియన్నాలో హెర్బర్ట్ ఫాన్ కరాయాన్ చేసింది: లియొంటైన్ ప్రైస్, జుసెప్పె తద్దేయి, మళ్లీ అదే ది స్టెఫానో. ఇది స్టీరియో, రెండు చెవులకీ వేరువేరు శబ్దం; మొదటిది మోనో, రెండిటికీ ఒకటే. ఎడమ చెవి వినపడనివాడికి మోనోలో నష్టం లేదండీ, డబ్బుకి తగ్గ సరుకు పూర్తిగా ముడుతుంది.

గొంతుల మాటకొస్తే కరాయాన్ రికార్డుకి దాదాపు అన్ని చోట్లా నా ఓటు. ప్రైస్ గొంతు వేడిచేసిన నెయ్యి. రెండో అంకంలో టోస్కా 'నేనెవరికీ కీడు చేయలేదే, నాకెందుకు ఈ శిక్ష' అని దేవుణ్ణి నిలదీసే పాట ఉంది, 'విస్సి దార్తె'. ఆ పాట వరకు నాకు ప్రైస్ చాలు. కల్లాస్ గొంతు తీపి కాదు. పై స్థాయిలో కొంచెం గరుకు, కింద స్థాయిలో ఒక్కోసారి సీసాలోంచి మాట్లాడినట్టుంటుంది. ఆవిడ బలం మాటలో ఉంది. స్కార్పియాని చంపేశాక, 'వీడి ముందేనా రోమ్ అంతా వణికింది' అనే ఒక్క వాక్యం ఉంది. పాటకీ మాటకీ మధ్య, దిగువ స్థాయిలో, దాదాపు తనలో తానే అనుకుంటున్నట్టు అంటుంది కల్లాస్. అప్పటికి ఆవిడకి ముప్పయి కూడా నిండలేదు. ఇక్కడి వరకు మీ వ్యాసకర్తతో నాకు పేచీ లేదు.

స్కార్పియా పాత్రకి తద్దేయి గొంతు నిండుగా, జమీందారు దర్జాతో ఉంటుంది. గోబ్బిది అంత గొప్ప గొంతు కాదు. కానీ ఆ మనిషి ఒక్కో అక్షరానికీ వేరే రంగు వేస్తాడు. మర్యాదగా మాట్లాడుతున్నప్పుడే ఎక్కువ భయం వేస్తుంది. మా ఊళ్లో ఒక వడ్డీ వ్యాపారి ఇలాగే 'బాబూ, బాబూ' అంటూ ఉండేవాడు.

ఇక ది స్టెఫానో. ఒకే మనిషి, తొమ్మిదేళ్ల తేడా. చిత్రహింస తరవాత, యుద్ధంలో నెపోలియన్ గెలిచాడన్న కబురు విని కవరదోస్సి 'విత్తోరియా!' అని అరుస్తాడు, జయం అని. 1953లో ఆ అరుపు విరగకాసిన కొమ్మలా ఉంటుంది. 1962కి గొంతు అరిగిపోయింది, బలంతో లాగుతున్నాడని తెలిసిపోతుంది. అయినా చెబుతున్నాను, దెబ్బలు తిన్నవాడి గొంతు అలాగే ఉండాలి కదా అని నాకు రెండోదీ నచ్చుతుంది. మా ఆవిడ ఒప్పుకోదు.

అసలు సంగతి ఇప్పుడు. మొదటి అంకం చివర చర్చిలో 'తే దేవుమ్' అనే స్తోత్రం. గుడిగంటలు రెండే స్వరాల మీద అలా మోగుతూనే ఉంటాయి, మధ్యమధ్య ఖైదీ తప్పించుకున్నాడని కోట మీది ఫిరంగి పేలుతుంది, జనం దేవుణ్ణి స్తుతిస్తుంటారు, స్కార్పియా ఒక్కడు మాత్రం టోస్కాని ఎలా వశం చేసుకోవాలా అని పాడుకుంటుంటాడు. ఎవరికైనా ఇక్కడ వేగం పెంచాలనిపిస్తుంది, పెంచితే చప్పట్లు ఖాయం. దె సబాటా పెంచడు. గంటలు మొదట్లో ఎలా నడిచాయో చివరా అలాగే నడుస్తాయి. పైన శబ్దం మాత్రం ఆటుపోటులా లేస్తుంది. కరాయాన్ దగ్గర ఆర్కెస్ట్రా ఇంకా నున్నగా ఉంటుంది, ఫిరంగి ఇంకా బాగా పేలుతుంది, నాకు మాత్రం అక్కడ చర్చి కనపడదు. మంచి హాలు కనపడుతుంది.

మూడో అంకం తెల్లవారుజామున మొదలవుతుంది. గొర్రెల కాపరి పాట దూరంగా, ఆ తరవాత రోమ్ గుళ్ల గంటలు ఒక్కొక్కటిగా. ఏ గంట ఏ శ్రుతిలో మోగుతుందో తెలుసుకోవడానికి పుచ్చీని శ్రమపడి విచారించాడు, కోట దగ్గర నిలబడి తెల్లవారుజాము గంటలు విన్నాడు. తరవాత కవరదోస్సి చివరి పాట, క్లారినెట్ వెంట. అది అయ్యాక టోస్కా విడుదల చీటీతో పరుగెత్తుకొస్తుంది. ఆమె వచ్చే ఆ కొద్ది క్షణాలే మొత్తం ఒపెరాలో కండక్టర్‌కి గండం. అక్కడ లయ రబ్బరులా సాగుతుంది, ముడుచుకుంటుంది, మళ్లీ సాగుతుంది. కాగితం మీద పుచ్చీని రాసిన సూచనలు చూసి చేయబోతే కుంటినడక అవుతుంది.

ఈ చోట కరాయాన్ ఏం చేశాడో ఆ రికార్డు నిర్మాత జాన్ కల్షా తన జ్ఞాపకాల్లో రాశారు. రికార్డింగ్ జరుగుతుండగానే దె సబాటా రికార్డు తెప్పించుకుని, ఆ ముక్క మళ్లీ మళ్లీ పెట్టించుకుని విన్నాడట. ఆయన చేసిందే సరి, అది నావల్ల కాదు, అది ఆయన రహస్యం అని పక్కన పెట్టేశాడట. అప్పటికి కరాయాన్ ప్రపంచంలో అందరికంటే పెద్ద పేరున్న కండక్టర్లలో ఒకడు. ఆయన ఓటమి ఒప్పుకున్నది కల్లాస్ గొంతు ముందు కాదండీ.

మా నాన్నకి ఇటాలియన్ రాదు. కథ కూడా నేను సరిగ్గా చెప్పలేదు, అప్పటికి నాకే తెలియదు. షావుకారు గారి వసారాలో మడత కుర్చీలో కళ్లు మూసుకుని విన్నారు. సరిగ్గా ఆ చోటికి వచ్చాక కళ్లు తెరిచి, "ఎవర్రా పెట్టె మీద ఉన్నది?" అన్నారు. పెట్టె లేదు నాన్నా, వందమంది దాకా వాయిస్తున్నారు అన్నాను. "వందమందైనా ఊపిరి ఒకడిదే. ఎవరు?" అన్నారు. అట్ట మీద చూసి చదివాను. సబాటా అన్న పేరు ఆయనకి నోరు తిరగలేదు, 'సుబ్బారావు' అని స్థిరపరుచుకున్నారు. ఆ తరవాత ఎప్పుడు ఇంటికి వచ్చినా "ఆ సుబ్బారావు రికార్డు పెట్టు" అనేవారు.

ఆ సుబ్బారావు గారు స్టూడియోలో పూర్తిగా రికార్డు చేసిన ఒపెరా ఇదొక్కటే. ఇది చేసిన కొద్ది కాలానికే గుండెజబ్బు వచ్చి కచేరీలు దాదాపు మానేశారు. 1967లో పోయారు. ఇన్ని తెలిసిన మీ వ్యాసకర్తకి ఆ పేరు రాయడానికి ఒక్క వాక్యం దొరకలేదంటే నాకు కష్టంగా ఉంది.

కల్లాస్, గోబ్బి 1964లో పారిస్‌లో కండక్టర్ జార్జ్ ప్రెట్ర కింద ఇదే ఒపెరా స్టీరియోలో మళ్లీ పాడారు. అనుమానం ఉన్నవాళ్లు అది విని చూడవచ్చు. వాళ్లిద్దరే, పైగా మంచి శబ్దం. కల్లాస్ గొంతు అప్పటికి బాగా వణుకుతోంది, అది వయసు తప్పు కావచ్చు. కానీ మూడో అంకంలో ఆమె ప్రవేశించే చోట ఆర్కెస్ట్రా ఆమె కోసం తలుపు తీసినట్టు ఉండదు. తలుపు దగ్గర ఎవరో అడ్డం నిలబడ్డట్టు ఉంటుంది.

మనవాళ్ల సంగతి కూడా వ్యాసంలో వదిలేశారు. బొంబాయిలో పుట్టిన కండక్టర్ జుబిన్ మెహతా ఈ ఒపెరాని 1970లలో ప్రైస్‌తోనే రికార్డు చేశారు. 1992లో రోమ్‌లో కథ జరిగిన అసలు చర్చిలో, అసలు భవనంలో, అసలు కోట మీద, కథలో చెప్పిన వేళలకే ప్లసీడో డొమింగో తదితరులు పాడగా టీవీల్లో ప్రత్యక్ష ప్రసారం చేశారు. ఆర్కెస్ట్రాతో మెహతా ఎక్కడో స్టూడియోలో ఉన్నారు, గాయకులు టీవీ తెరల్లో ఆయన చెయ్యి చూస్తూ పాడారు. నటుడు దుగ్గిరాలలో, హార్మనిస్టు తెనాలిలో! నేను చూశాను. ఎక్కడా విడిపోలేదు. కానీ రికార్డుగా ఇంట్లో పెట్టుకుని వినాలనిపించలేదు, ఎందుకో గాలి ఆడనట్టు ఉంటుంది.

కనక నా మనవి రెండు సవరణలు. 1953 రికార్డు ప్రేక్షకుల మధ్య జరగలేదని ఒకటి. ఆర్కెస్ట్రాని నడిపినది విక్టర్ దె సబాటా అని రెండోది, దయచేసి పేరులో అచ్చుతప్పు లేకుండా. మా ఇంట్లో చలామణీలో ఉన్న పేరు వేయనక్కరలేదు.

ఇట్లు,
ఒక విశ్రాంత మెరైన్ ఇంజనీరు,
విశాఖపట్నం

తా.క. వ్యాసంతో పాటు వేసిన ఫోటో కింద '1953, మిలాన్' అని ఉంది. ఎర్ర వెల్వెట్ గౌనులో కల్లాస్, పక్కన గోబ్బి. అది 1964లో లండన్ కోవెంట్ గార్డెన్‌లో ఆడినప్పటిది. అప్పటి రెండో అంకం టీవీ కోసం చిత్రీకరించారు, ఇప్పటికీ చూడటానికి దొరుకుతోంది. కత్తి ఆమె కంట పడే క్షణం చూడండి, చెయ్యి వైన్ గ్లాసు మీదే ఉంటుంది.